మూక్కన్ కోసం ఒక పేజీ

విరుదునగర్
6-6-2004

చిన్నాయనకు సంగవి నమస్కారాలు.

ఉద్యోగంలో చేరాను. బజారు వీధి వెనక ఒక మేడమీద చిన్న కంప్యూటర్ సెంటర్. యజమాని పేరు శ్రీనివాసన్. పొద్దున పిల్లలకు టైపింగ్ నేర్పుతారు, మధ్యాహ్నం నుంచి వెబ్‌సైట్లు తయారుచేసే పని. ఆ రెండో పనికి నన్ను తీసుకున్నారు. వెబ్‌సైట్ అంటే ఏమిటని మీరు అడుగుతారు. అంగడి ముందు బోర్డు ఉంటుంది కదా, అలాంటిదే. కాకపోతే ఆ వీధిలో నడిచేవాడికే కాదు, ఏ ఊళ్ళో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికైనా కనబడుతుంది.

ఇక్కడి పప్పుల వ్యాపారి ఒకాయనకు చేశాను, ఒక నూనె మిల్లుకు చేశాను. మిల్లు యజమాని పేజీలో వినాయకుడి బొమ్మ కావాలన్నారు, వెనక పాట కావాలన్నారు, అక్షరాలు మెరుస్తూ పరుగెత్తాలన్నారు. అన్నీ పెట్టాను. ఆ నూనె ఎక్కడ దొరుకుతుందో రాయడానికి మాత్రం చోటు మిగల్లేదు.

హాస్టల్ గదిలో నలుగురం. శనివారం సాయంత్రం మిగతా ముగ్గురూ ఊళ్ళకు వెళ్ళిపోతారు. అమ్మ అరుప్పుకోట్టైలో మామ ఇంట్లోనే ఉంది. నేను వెళితే చోటు లేదని ఎవరూ అనరు, చాప ఎక్కడ వేయాలా అని చూస్తారు. అందుకే ఆదివారాలు ఇక్కడే ఉండిపోతున్నాను.

ఈ ఉత్తరం రాస్తుంటే పక్క మంచం సెల్వలక్ష్మి ఇదేం లిపి అని అడిగింది. మేం ఇంట్లో మాట్లాడే భాష, చదవడం మాత్రం మా చిన్నాయనకూ నాకూ తప్ప ఎవరికీ రాదు అన్నాను. చిన్నప్పుడు మీరు పలక మీద ఈ అక్షరాలు దిద్దించకపోతే మీతో నేనెలా మాట్లాడేదాన్ని? మీకు వినబడదని ఊళ్ళో అందరూ చేతులూపి సరిపెట్టేవారు.

వేళకు తింటున్నారా? జవాబు రాయండి.

మీ
సంగవి


ఎర్రమనాయకన్‌పట్టి
కోవిల్‌పట్టి తాలూకా
15-6-2004

సంగవికి చిన్నాయన దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. వాన జాడ లేదు. కరిసల్ నల్లరేగడి నేల పగుళ్ళిచ్చి ఉంది, పగుల్లో చెయ్యి పెడితే మోచేతిదాకా పోతుంది. వంట నేనే చేసుకుంటున్నాను, బాగానే తింటున్నాను.

నాకు కూడా ఒక పేజీ చేసివ్వు. పాట వద్దు, బొమ్మలు వద్దు. నా పేరు, మన ఊరి పేరు, బావి ఉన్న పొలం సంగతి రాయాలి. చూసినవాడు వెతుక్కుంటూ రావడానికి దారి తెలియాలి. చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న పని. మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు.

ఇట్లు
దామోదరసామి


విరుదునగర్
21-6-2004

చిన్నాయనకు,

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి పని మీద మనసు నిలవడం లేదు. నాన్న పోయాక ఆయన వాటా అమ్మేసినప్పుడు అడ్డం పడింది మీరొక్కరే. ఇప్పుడు బావి పొలాన్ని మీరే అమ్ముకుంటే ఇంక ఆ ఊళ్ళో మీకేం ఉంటుంది? ఒంట్లో బాగాలేదా? ఉన్నది ఉన్నట్టు రాయండి. అమ్మకు చెప్పలేదు.

పేజీ చేయమంటే చేస్తాను. ఏ పేజీకైనా ముందు రెండు ప్రశ్నలు అడగమని శ్రీనివాసన్ సార్ చెబుతారు. దీన్ని ఎవరు చదవాలి? చదివాక ఆ మనిషి ఏం చేయాలి? ఈ రెండూ తెలియకుండా చేసిన పేజీ ఎంత అందంగా ఉన్నా దండగ అంటారు. మీరు ఆ రెంటికీ జవాబు రాయండి.

దిగులుతో
సంగవి


ఎర్రమనాయకన్‌పట్టి
29-6-2004

పిల్లా,

నేను భూమి అమ్మడం లేదు. ఊరికే బెంగపడ్డావు. నీ రెండు ప్రశ్నలకు జవాబు ఇది. చదవాల్సినవాడు మూక్కన్. చదివాక వాడు ఇంటికి రావాలి.

నీకు ఐదేళ్ళప్పుడు జరిగింది. మన పొలంలో బావి తవ్వుతున్నాం. కింద రాయి తగిలింది. రాతికి మందు పెట్టి పేల్చే పని మూక్కన్‌ది. వాడు మన పొలంలో కూలికి వచ్చే ఇంటివాడు. వాడి ఇంట్లోనూ తెలుగే. చిన్నప్పటి నుంచి నాకున్న ఒకే స్నేహితుడు. నలుగురి ముందు నన్ను ‘సామి’ అనేవాడు, పొలంలో ఎవరూ లేనప్పుడు పేరు పెట్టి పిలిచేవాడు.

ఆ రోజు వత్తి అంటించి అందరం పైకి వచ్చేశాం. పేలలేదు. వత్తి ఆరిపోయిందనుకుని నేను బావి అంచుకు వెళ్ళి తొంగి చూశాను. వాడు వెనక నుంచి అరిచాడు, “దామోదరా, పోవొద్దురా!” అని. నేను విన్న ఆఖరి మనిషి గొంతు అదే.

నన్ను మదురై ఆస్పత్రికి తీసుకుపోయారు. చాలా రోజులు తెలివి రాలేదు. పోయాననే వార్త ఊరికి వచ్చిందట, పాడెకు వెదుళ్ళు కూడా నరికారట. మా నాన్న పోలీసు కేసు పెట్టాడు. వాణ్ణి అదే బావిలో పూడుస్తానని తిన్నె మీద కూర్చుని అన్నాడట. వాడు నన్ను అందరిలో పేరు పెట్టి పిలిచినందుకు ఇంకొంచెం కోపం. ఆ సాయంత్రమే మూక్కన్ భార్యను తీసుకుని ఊరు విడిచాడు.

నేను ఇంటికి వచ్చాక మీ నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ కేసు వెనక్కి తీయించాను. ఆ పేలుడుకే బావిలో నీళ్ళు పడ్డాయి. అదీ వాడికి తెలియదు. నన్ను చంపేశాననే ఎక్కడో బతుకుతున్నాడు. ఏళాయిరంపన్నై దాకా, అటు శివకాశి దాకా మనుషుల్ని పెట్టి వెతికించాను. దొరకలేదు.

నా చేత్తో తమిళంలో ఒక కాగితం రాసి ఇందులో పెట్టాను. అది అలాగే అతికించు. వాడికి చదువు రాదు, కానీ వాడికి పిల్లలుంటే చదువుతారు.

చిన్నాయన


విరుదునగర్
6-7-2004

చిన్నాయనకు,

ఆయన పేరు నాన్న మన ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఆ బావి గురించి ఎవరినైనా అడిగితే మాట మార్చేవారు. మీకు జ్వరం వచ్చి చెవులు పోయాయనే నాకు చెప్పారు.

మీ కాగితాన్ని అలాగే ఫోటో తీసి పెట్టవచ్చు, కానీ లాభం లేదు. సెర్చ్ ఇంజిన్ అని ఒకటుంటుంది. లోకంలోని పేజీలన్నీ తిరిగి, ఏ మాట ఏ పేజీలో ఉందో గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా ఒక మాట టైపు చేస్తే ఆ మాట ఉన్న పేజీలు చూపిస్తుంది. అది అక్షరాలను మాత్రమే చదవగలదు. కాగితం ఫోటో దానికి ఖాళీ గోడతో సమానం. తమిళ అక్షరాలేమో చాలా కంప్యూటర్లలో గజిబిజిగా కనబడుతున్నాయి. అందుకని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేశాను. మీ కాగితాన్ని కూడా కింద ఉంచాను.

ఇంకో చిక్కు మన ఊరి పేరు. ఇంగ్లీషులో దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు. బస్సు బోర్డు మీద ఒకలాగా, తపాలా ముద్రలో ఒకలాగా, రేషన్ కార్డులో ఇంకోలాగా ఉంది. వెతికేవాడు ఎలా రాస్తాడో మనకు తెలియదు కాబట్టి అన్ని విధాలా రాశాను. పక్కనే కోవిల్‌పట్టి, కళుగుమలై పేర్లు కూడా చేర్చాను. పేజీ పైన పట్టీలో కనబడే పేరును సెర్చ్ ఇంజిన్ ముందుగా చూస్తుంది. అక్కడ ‘ఎర్రమనాయకన్‌పట్టి మూక్కన్ కోసం వెతుకుతున్నాం’ అని పెట్టాను. ఆయన ఆనవాలు ఏమైనా ఉంటే రాయండి.

సెర్చ్ ఇంజిన్ కంటికి ఈ పేజీ పడటానికి కొన్ని వారాలు పడుతుందట. ఓపిక పట్టాలి. పేజీ అడుగున ఎంతమంది చూశారో చూపే మీటర్ ఒకటి బిగించాను.

మీ
సంగవి


విరుదునగర్
30-8-2004

చిన్నాయనకు,

మీరు రాసిన ఆనవాలు, కుడి చెంప మీద రాతి పొడి దిగి మిగిలిన నీలం చుక్కలు, పేజీలో చేర్చాను. సంతోషమైన వార్త. మీటర్ కదులుతోంది. ప్రతి ఆదివారం ఎవరో వచ్చి చాలాసేపు చూసి వెళుతున్నారు. ఆదివారం అంటే కూలికి వెళ్ళేవాళ్ళకు సెలవు. ఆయన పిల్లలే అయ్యుంటారు. రాయడానికి భయపడుతున్నారేమో. పేజీలో ‘భయపడకుండా రాయండి’ అని ఒక మాట చేర్చాను.

మొన్న ఆదివారం నేనూ సెంటర్ తాళం తీయించుకుని కూర్చుని మీటర్‌నే చూశాను. అంకె మారినప్పుడు ఎవరో ఇంట్లోకి అడుగుపెట్టినట్టు అనిపించింది.

మీ
సంగవి


ఎర్రమనాయకన్‌పట్టి
7-9-2004

సంగవికి,

ఆ ఆదివారం మనిషిని నేనేనమ్మా. నీకు తెలుసనుకున్నాను. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర పాలసామి అని ఒకతను బ్రౌజింగ్ సెంటర్ పెట్టాడు. కాగితం మీద పేజీ అడ్రసు రాసి చూపిస్తే తెరిచి ఇస్తాడు. మూక్కన్ పేరు అక్కడ చూస్తూ కూర్చుంటాను. వేరే ఎవరైనా ఏమైనా రాశారేమో అని మళ్ళీ మళ్ళీ తెరుస్తాను.

నీ సంతోషం చెడగొట్టాను. ఏమనుకోకు.

చిన్నాయన


ఎర్రమనాయకన్‌పట్టి
22-11-2004

సంగవికి,

నిన్న కోవిల్‌పట్టి పోయాను. పేజీ అడుగున చాలా ఖాళీ జాగా కొత్తగా ఉంది. ఏమిటా అని పాలసామి మౌసుతో గీశాడు. తెల్ల నేల మీద తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. సినిమా తారల పేర్లు, క్రికెట్, లాటరీ ఫలితం, పెళ్ళి సంబంధాలు. అక్కడున్న కుర్రాళ్ళంతా వచ్చి చూసి నవ్వారు. నాకు నవ్వు వినబడదు, పళ్ళు కనబడతాయి.

మూక్కన్ పేరు కింద ఆ చెత్త ఎందుకు పెట్టావు? నీకు ఇది ఆటగా ఉంటే చెప్పు, తీసెయ్యి. నేను ఇంక అక్కడికి పోను.

దామోదరసామి


విరుదునగర్
27-11-2004

చిన్నాయనకు,

నాకు ఇది ఆట కాదు. మీటర్ మీద మీరు తప్ప ఎవరూ లేరని తెలిశాక తట్టుకోలేకపోయాను. జనం ఎక్కువగా వెతికే మాటలు కనబడకుండా రాసిపెడితే మనుషులు వస్తారని సెంటర్‌లో ఒకరు చెప్పారు. వచ్చారు కూడా. ఎవరూ ఒక నిమిషం నిలబడలేదు. వాళ్ళు వెతికింది వేరు కదా. పైగా అలాంటి దొంగ మాటలు పసిగడితే సెర్చ్ ఇంజిన్ ఆ పేజీని చూపించడమే మానేస్తుందట. మన పేజీకి అదే జరిగింది. మీ పేరుతో వెతికితే ఇప్పుడు ఏమీ రావడం లేదు.

ఆ దొంగ మాటలన్నీ తుడిచేశాను. జరిగింది జరిగినట్టు, మీరు నాకు రాసిన వరసలోనే మళ్ళీ రాశాను. మళ్ళీ చూడమని సెర్చ్ ఇంజిన్‌కు విన్నపం పెట్టాను. వేరే మంచి పేజీలు మన పేజీకి దారి చూపిస్తే నమ్మకం పెరుగుతుంది. కళుగుమలై శిల్పాల గురించి పేజీ నడిపే ఒక కాలేజీ మాస్టారికి రాస్తే తన పేజీలో మన లింకు పెట్టారు. కోవిల్‌పట్టి చుట్టుపట్ల ఊళ్ళ పేర్లు సేకరించే ఆయన కూడా పెట్టారు. ఇద్దరూ మీ ఆరోగ్యం అడిగారు.

కోపం తగ్గాక ఒక్క ముక్క రాయండి. ఈ అక్షరాల్లో నాకు రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

సంగవి


ఎర్రమనాయకన్‌పట్టి
19-4-2005

సంగవికి చిన్నాయన దీవెనలు.

ఇన్నాళ్ళు రాయనందుకు మనసులో పెట్టుకోకు. కోపం ఎప్పుడో పోయింది, రాయడానికి ఏమీ లేకపోయింది. పత్తి ఏరడం అయింది. ఇంట్లో మాట లేదు, బయటా లేదు. ఒక్కోరోజు నోరు తెరిచి నా గొంతు ఉందో లేదో అని గొంతు మీద వేళ్ళు పెట్టి చూసుకుంటాను. కదులుతుంది.

ఆదివారాలు మళ్ళీ పోతున్నాను. పాలసామి నాకోసం కిటికీ పక్క కుర్చీ ఉంచుతున్నాడు.

చిన్నాయన


విరుదునగర్
9-1-2006

చిన్నాయనకు,

మూక్కన్ కూతురు దొరికింది. నిదానంగా చదవండి.

పేరు ఇసక్కిసెల్వి. హోసూరు దగ్గర ఒక కంకర క్వారీ పక్కన ఉంటున్నారు. తల్లి లేదు. కాలేజీలో చేరడానికి కులం చూపే కమ్యూనిటీ సర్టిఫికెట్ కోసం తండ్రి సొంత ఊరు చెప్పాల్సి వచ్చిందట. ఆయన ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఒకసారి జ్వరంలో కలవరిస్తే విన్న ఊరి పేరును, తనకు వినబడినట్టే టైపు చేసింది. మనం రాసిపెట్టిన వాటిలో ఒకదానికి అది సరిపోయింది. ఆమె మెయిల్‌ను నేను మన మాటల్లో రాస్తున్నాను:

“పేజీని ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చి నాన్నకు చదివాను. మందు పేలింది అన్నచోటే ఆపమన్నాడు. అది నేను కాదు, నా పేరు మారిముత్తు అన్నాడు. తినకుండా బయటికి పోయాడు. కానీ అక్కా, మా నాన్న కుడి చెంప మీద నీలం చుక్కలున్నాయి. కాగితం చూసినప్పటి నుంచి క్వారీకి పోవడం లేదు. వేరే ఊరికి పోదామంటున్నాడు.”

చదివాక నా పేజీని నేనే మళ్ళీ చూసుకున్నాను. పైన ‘వెతుకుతున్నాం’ అని ఉంది. తర్వాత పేలుడు, తర్వాత పోలీసు కేసు. మీరు బతికే ఉన్నారన్న మాట పేజీ అడుగున ఉంది. తెర మీద చదివేవాళ్ళు అడుగుదాకా రారని మొదటి నెలలోనే నాకు నేర్పారు. చెప్పాల్సిన ముఖ్యమైన మాట పైన ఉండాలని. మీరు రాసిన వరస మార్చకూడదనుకుని అది మరిచాను. ఆయన దాన్ని పోలీసుల ప్రకటన అనుకున్నాడు.

ఇప్పుడు మొదటి వాక్యం మార్చాను: ‘దామోదరసామి బతికే ఉన్నాడు. కేసు లేదు.’ ఇసక్కిసెల్వికి కూడా కాగితంలో ఆఖరి భాగం ముందు చదవమని రాశాను. ఇంకేం రాయమంటారు?

సంగవి


ఎర్రమనాయకన్‌పట్టి
13-1-2006

సంగవీ,

వాణ్ణి బలవంతపెట్టొద్దను. మారిముత్తు అంటే మారిముత్తు అనే పిలవమను. ఆ పేలుడుకు నీళ్ళు పడ్డాయని మాత్రం చెప్పమను. మా నాన్న పోయాడనీ చెప్పమను.

నా ఫోటో ఒకటి పంపుతున్నాను. ఈ ముసలివాడెవడు అంటాడేమో.

చిన్నాయన


ఎర్రమనాయకన్‌పట్టి
24-2-2006

సంగవికి,

వాళ్ళు మొన్న వచ్చారు, తండ్రీ కూతురూ.

వాడు లోపలికి రాలేదు. వాకిట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడకుండా తిన్నె మీద మా నాన్న కూర్చునే చోటునే చూస్తున్నాడు. నేను పోయి ఆ చెప్పులు తీసుకుని కింద పెట్టి, చెయ్యి పట్టి తెచ్చి తిన్నె మీద కూర్చోబెట్టాను. అప్పుడు నా చెవులు రెండూ తడిమి చూశాడు.

తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. పొద్దెక్కేదాకా మాట్లాడాడు. నీ పెదవులైతే నాకు అర్థమవుతాయి, వాడివి కాలేదు. మీసం కమ్మేసింది, ముందు పళ్ళు లేవు. నేను రాస్తే వాడు చదవలేడు, వాడు చెబితే నేను వినలేను. అమ్మాయి పక్కన కూర్చుని రాసిపెట్టబోయింది. వాడు ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. ఏమంటున్నాడు అని అడిగితే ఆమె తమిళ అక్షరాలతో ఇంత మాత్రం రాసి చూపించింది: “‘ఇది రాసేది గాదులే కన్నా, వానికి నాకి ఉండేది’ అంటుండాడు.”

బావి దగ్గరికి తీసుకుపోయాను. మోటారు వేశాను. కాలువ పక్కన కూర్చుని నీళ్ళు దోసిట్లో పట్టి ముఖం కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఉన్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

అన్నం వాడూ నేనూ పక్కపక్కనే వడ్డించుకున్నాం. సర్టిఫికెట్‌కు కావాల్సిన సాక్షి సంతకం నేను పెడతానని అమ్మాయికి రాసి చూపించాను. సాయంత్రం కోవిల్‌పట్టి బస్టాండులో బస్సెక్కించాను. బస్సు కదిలేముందు వాడు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. అమ్మాయి అప్పుడు టికెట్ దగ్గరుంది. నేను అవునని తల ఊపాను. వాడు చెయ్యి వదిలేశాడు.

ఇల్లు నిన్నటి నుంచి మరీ పెద్దదిగా ఉంది. ఇన్నాళ్ళు వెతకడానికి ఒకడుండేవాడు. నిన్న ఆదివారం కాకపోయినా కోవిల్‌పట్టి పోయి ఆ కుర్చీలో కూర్చుని వచ్చాను. వాడేం అడిగాడో ఆ పిల్లకు రాసి కనుక్కో.

చిన్నాయన


విరుదునగర్
3-3-2006

చిన్నాయనకు,

కనుక్కున్నాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఊరుకున్నాను.

ఇంటికి వెళ్ళాక కూతురు అడిగితే చెప్పాడట. ఈసారి ఆమె ఇంగ్లీషు అక్షరాలతో మన మాటలే రాసింది, రాసినట్టే ఇస్తున్నాను: “నాన్న అంటాడు, ‘ఒక తూరి చూస్తిని, చాలు. ఇంక నేను మళ్ళా రావద్దు గదా, నా ముఖం జూస్తే నీకి ఆ దినమే గుర్తొచ్చును గదా అని అడిగితిని. దామోదరుడు అవునని తల ఊపె. అది న్యాయమే’ అని. తప్పుగా అనుకోలేదక్కా, మా నాన్న.”

మీరు వినబడకుండానే తల ఊపారని ఆమెకు వివరంగా మెయిల్ టైపు చేశాను. పంపలేదు. మీ మాట వచ్చాక పంపుదామని ఉంచాను. మీరు ఏం రాయమంటే అది రాస్తాను. ఆలస్యం చేయకండి.

మీ
సంగవి


ఎర్రమనాయకన్‌పట్టి
7-3-2006

సంగవీ,

ఆ మెయిల్ పంపకు. కాగితం మీద చదివి వినిపించాల్సిన మాట కాదు ఇది.

నేనే పోతున్నాను. మదురై ఆస్పత్రి నుంచి వచ్చాక కోవిల్‌పట్టి దాటి ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. హోసూరు ఎటు ఉందో కూడా నాకు తెలియదు. పాలసామి బస్సులు మారే చోట్లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. వచ్చే ఆదివారం పొద్దున బయలుదేరుతాను. బస్సు విరుదునగర్ మీదుగానే పోతుంది. ఎడమవైపు కిటికీ దగ్గర ఉంటాను, పక్క సీట్లో నా సంచి పెట్టి ఉంచుతాను. నీకు సెలవు దొరికితే ఎక్కు. దొరకకపోతే స్టాండులో కనబడి పో.

వాడి ఇంటి ముందు నిలబడి ఏం చేయాలో ఇంకా తెలియదు. వాడు నన్ను ఏదైనా అడిగితే ఈసారి తెలియకుండా తల ఊపను. మళ్ళీ అడగమంటాను, అర్థమయ్యేదాకా.

దామోదరసామి